అరవై ఐదు సెంటీమీటర్లు

హైమవతి మూడోసారి ఆ ల్యాప్‌టాప్ వెనక మూత విప్పుతోంది. మొత్తం పదకొండు మరలు. ఎనిమిదోదాని తల అరిగిపోయి స్క్రూడ్రైవరుకు లొంగనంటోంది. "రావేం, నీ దుంప తెగ!" అని దాన్ని తిట్టి, పళ్లు బిగించి తిప్పింది. చివరికి వచ్చింది. మూత కింద ఒక మూలన, అగ్గిపెట్టెలో సగం ఉండే ఆకుపచ్చ నెట్‌వర్క్ కార్డు కనిపించింది. మూడు నెలలుగా ఆమె ప్రాణం తోడేస్తున్నది అదే.

దానికి నలుపొకటి, తెలుపొకటి రెండు సన్నని తీగలు. వాటిని గోటితో ఊడదీసి, కార్డును మెల్లగా బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్దింది. కంప్యూటర్లు బాగుచేసే ప్రతివాళ్లూ మొట్టమొదట నేర్చుకునే చిట్కా అది. ఆ కార్డును కనిపెట్టిన మనిషైనా సరే, హైమ చెయ్యి ముందు రబ్బరు మీదకే పోతుంది. పళ్లు తళతళలాడుతున్నాయి. ఉప్పుగాలి మరక కూడా లేదు. తిరిగి పెట్టింది, తీగలు నొక్కింది, ఆన్ చేసింది. డ్రైవరు తీసేసి మళ్లీ ఎక్కించింది. కార్డు పేరు పక్కన పసుపు గుర్తు లేదు. నాలో లోపమేమీ లేదని కార్డు మొత్తుకుంటున్నట్టే లెక్క.

"ఇప్పుడు చెయ్యి పెట్టు దీవెనా," అంది.

బల్లకు అటుపక్క నిలబడ్డ దీవెన ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. పేటలో అంగన్‌వాడీ టీచరు. ఆ ల్యాప్‌టాప్ బాధ్యత ఆమెదే. హైమ కుర్చీ వెనక్కి జరుపుకుని చోటిచ్చింది. దీవెన నీలం పట్టీ ఉన్న కుడిచేతిని కీబోర్డు కింది ఖాళీ జాగాలో ఆనించింది. తెరమీద చిన్న వలయం రెండు చుట్లు తిరిగి, 'సందేశం లేదు' అని చూపించి ఊరుకుంది.

"తియ్యి."

దీవెన పక్కకు తప్పుకున్నాక హైమ తన చెయ్యి పెట్టింది. రెప్పపాటులో తెర పచ్చబడింది. 'తుఫాను హెచ్చరిక. పరీక్ష సందేశం, మూడో విడత.'

"చూశావా? కార్డు బాగుంది, ల్యాప్‌టాప్ బాగుంది. పోయినసారి పంచాయతీ ఆఫీసు కార్డు తెచ్చి దీంట్లో పెట్టాను, దీని కార్డు అక్కడ పెట్టాను. అక్కడ రెండూ పనిచేశాయి, ఇక్కడ రెండూ చెయ్యలేదు. నీ చేతి పట్టీ కూడా మార్చాను. ఇక మారనిదేమిటో నువ్వే చెప్పు."

ఆ మారనిది తానేనని దీవెనకు తెలుసు.

ఇంతకీ ఆ కార్డు చేసే పనేమిటంటారా? రెండేళ్ల కిందటి తుఫానుకు తీరమంతా టవర్లు కూలి, నాలుగు రోజులు ఒక్క ఫోనూ మోగలేదు. అప్పుడు కాకినాడలోని ఒక పరిశోధన కేంద్రంలో కూర్చుని హైమ అనుకున్నది ఒకటే. టవర్లు కూలితే కూలనీ, మనుషులున్నారు కదా! మనిషి ఒంట్లోంచి సన్నని విద్యుత్తు హాయిగా పారుతుంది. చేతికి ఒక పట్టీ, పట్టీలో ఈ కార్డుకే పిల్లకార్డు. ఇద్దరు చెయ్యీ చెయ్యీ కలిపితే చాలు, ఒకరి పట్టీలోని సందేశం రెండో పట్టీలోకి దూకేస్తుంది. భుజం తట్టినా, పసిబిడ్డను అందిచ్చినా, కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టినా అంతే. పట్టీ ఉన్న చేతిని ల్యాప్‌టాప్ మీద పెడితే లోపలి కార్డు దాన్ని చదివి తెరమీద పరుస్తుంది, సైరను మోగిస్తుంది; మూత విప్పి చూసేటప్పుడు మాత్రం సైరను ఆపి ఉంచుతారు. టవరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. తాకితేనే పనిచేస్తుంది కాబట్టి పట్టీ బ్యాటరీ పదకొండు నెలలు వస్తుంది.

కొత్తమడుగు ఊళ్లో రెండు వందల అరవై మంది పెద్దవాళ్లకు పట్టీలిచ్చారు. పంచాయతీ ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్, ఊరి చివర పేటలో ఒకటి. పేట ఉప్పుటేటి పక్కన, పల్లంలో ఉంటుంది. నీళ్లొస్తే ముందు మునిగేది అదే. అంటే హెచ్చరిక అందరికన్నా ముందు చేరాల్సింది అక్కడికే. పరీక్ష రోజున హైమ తన పట్టీలో సందేశం ఎక్కించుకుని ఊళ్లోకొచ్చి, సర్పంచి భార్య చేతులు పట్టుకుని పలకరిస్తుంది. ఆరు గంటల తరవాత ఆ సందేశం దానంతటదే చెరిగిపోతుంది. ఊళ్లో నలభై నిమిషాలకల్లా అందరికీ చేరిపోయింది. పేటలో మాత్రం సున్నా. రెండోసారీ సున్నా. ఇదిగో, మూడోసారీ సున్నా.

రెండోసారి తప్పినప్పుడే హైమ నివేదిక రాసింది. 'వైఫల్యానికి కారణం: ఆపరేటరు పట్టీని సక్రమంగా ధరించకపోవడం.' పేటలో ఇంకో నలభై ఏడు పట్టీలున్నాయి, వాటి సంగతేమిటని ఆమె ఆలోచించకపోలేదు. టీచరుకే పట్టింపు లేనప్పుడు మిగతావాళ్లకేం ఉంటుందిలే అనుకుంది. అంతే, అంత తేలిగ్గా అనుకుంది. ఆ వాక్యం పైఅధికారుల దాకా పోయి, దీవెనకు మెమోగా తిరిగొచ్చింది. ఇరవయ్యో తారీకులోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే ఆరేళ్ల ఉద్యోగం పోతుంది.

"మేడం, నేను పట్టీ తియ్యలేదండి," అంది దీవెన. "స్నానానికి కూడా తియ్యలేదు. మీరెందుకు నమ్మట్లేదో నాకు తెలీదు."

"నమ్మకపోవడం కాదు దీవెనా. యంత్రం అబద్ధం చెప్పదు కదా."

"అయితే ఆ యంత్రాన్నే అడగండి. పట్టీ అన్నీ రాసుకుంటాదని ట్రైనింగులో మీరే చెప్పేరు. ఎప్పుడు ఒంటిమీదుందో, ఎవరెవర్ని తాకిందో అంతా ఉంటాదన్నారు. తీసి చూడండి."

"అది మనుషుల సొంత విషయం. డైరెక్టరుగారి అనుమతి లేకుండా తెరవకూడదు."

"నా సొంత విషయమే కదండీ. నేను ఒప్పుకుంటున్నా. కాయితం మీద రాసిమ్మన్నా ఇస్తా."

హైమ సరే చూద్దాం అంది. దీవెన స్టవ్వు వైపు కదిలి, "టీ పెడతానండి, పొద్దున్నించీ ఎండలో ఉన్నారు," అంది. హైమ చటుక్కున చెయ్యి ఊపి, ఇప్పుడే తాగానంది. తాగలేదు. ఏడింటికి కాకినాడలో తాగిందే. అయినా నోరు అలా అనేసింది, కాళ్లు జీపు వైపు నడిచేశాయి.

ఇంట్లో మాత్రం ఆ పట్టీలు బంగారంలా పనిచేస్తున్నాయి. పట్టీ ఎన్నాళ్లు మన్నుతుందో చూడ్డానికి హైమ ఇంటిల్లిపాదికీ ఇచ్చింది. అత్తగారికి, భర్తకు, నాలుగేళ్ల కూతురు ఇందుకి, పనిచేసే పోలమ్మకి కూడా. రోజూ పొద్దున అత్తగారి పట్టీలో ఏదో ఒక మాట ఎక్కిస్తుంది. మధ్యాహ్నానికల్లా అది అందరి పట్టీల్లోనూ ఉంటుంది. పోలమ్మ పట్టీలోనూ ఉంటుంది. అందుకే ఊళ్లో ఎందుకు తప్పుతోందో ఆమెకు ఒక పట్టాన బోధపడలేదు.

"ఏమ్మా, మళ్లీ పనిచెయ్యలేదా?" అన్నారు అత్తగారు, ఆమె ముఖం చూసి.

"పనిచేస్తుంది అత్తయ్యా. మనుషులే చెయ్యనివ్వట్లేదు."

అత్తగారు పోలమ్మకు కాఫీ కలిపి, వంటింటి గట్టు చివర గ్లాసు పెట్టి పిలిచారు. పోలమ్మ వచ్చి తీసుకుని, "చల్లారిపోనాది అమ్మగోరూ, రేపట్నించి కేకేసేక కలపండి," అని నవ్వుతూ పెరట్లోకి పోయింది. ఆ గ్లాసంటే హైమకు లోలోపల గర్వం. ఒకప్పుడు పోలమ్మకు విడిగా సొట్టల గ్లాసొకటి ఉండేది. ఈ ఇంటికొచ్చిన ఏడాదే హైమ దాన్ని అవతల పారేసి, అందరికీ ఒకే రకం గ్లాసులు కొంది. అత్తగారితో వారం రోజులు మాటల్లేవు. ఆ కథ ఆమె ఆఫీసులో ఎందరికో చెప్పింది. చెప్పుకోవద్దూ మరి, మంచిపనేగా!

శుక్రవారం డైరెక్టరు రామభద్రం గదిలో, పట్టీలు రాసుకున్న ఆ చిట్టా తెరిచారు. ఆయనకు అరవై దగ్గరపడుతోంది. చెడ్డమనిషి కాదు. వచ్చే నెలలో తుఫానుల కాలం మొదలయ్యేలోగా పద్నాలుగు ఊళ్లకు ఈ పట్టీలు చేర్చాలని కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషి.

"కానియ్యి. ఆవిడ పట్టీ తీసిన గంటలు బయటపడితే గొడవ వదులుతుంది," అన్నాడు.

దీవెన పట్టీ నంబరు నూట నలభై ఏడు. పట్టీ మార్చినా నంబరూ చిట్టా పాతవే కొనసాగాయి. హైమ మీట నొక్కింది. పట్టీ ఒంటిమీద ఉన్న రోజులు తొంభై ఒకటి. తీసిన గంటలు సున్నా. స్నానానికి కూడా తియ్యలేదు మరి.

దీవెన అబద్ధమాడలేదు. ఆడిందని రాసింది తాను. హైమ గబగబా పేటలోని మిగతా పట్టీలన్నీ తెరిచింది. అందరూ వేసుకున్నారు. ఊళ్లోవాళ్లకన్నా శ్రద్ధగా వేసుకున్నారు. వాళ్లలో వాళ్లు ఒకర్నొకరు తాకిన లెక్క వేలల్లో ఉంది. అయితే సందేశం ఎందుకు పోలేదు?

"ఊరికీ పేటకీ మధ్య చూడు," అన్నాడు రామభద్రం.

చూసింది. ఊరి పట్టీలు రెండు వందల పన్నెండు, పేట పట్టీలు నలభై ఎనిమిది. పేటవాళ్లు రోజూ ఊళ్లో పనికెళ్తారు. కళ్లాల్లో, రొయ్యల చెరువుల దగ్గర, ఇళ్లలో. కిరాణా కొట్టుకెళ్తారు, పాలు పోయించుకుంటారు, కూలి డబ్బులు తీసుకుంటారు. అలాంటి తొంభై ఒక్క రోజుల్లో ఊరి చెయ్యి పేట చేతికి తగిలింది తొమ్మిదిసార్లు. అందులో ఏడు ఒకే రోజువి. తారీకు చూస్తే అది ఓట్ల ప్రచారం రోజు.

పరీక్ష జరిగిన మూడు రోజుల్లోనూ సున్నా.

హైమకు ఊరు కళ్లముందు కదిలింది. కొట్టువాడు చిల్లర గల్లాపెట్టె మీద పెడతాడు, వాళ్లు తీసుకుంటారు. పాలాయన చెంబు కింద పెట్టమని పైనుంచి పోస్తాడు. ఎవరూ ఎవర్నీ తిట్టరు, పొమ్మనరు. మాటలు బాగానే ఉంటాయి. చెయ్యి మాత్రం తగలదు. పట్టీ ఆ ఒక్కటే లెక్కబెడుతుంది మరి.

"ఛీ, ఏం ఊరండీ!" అంది హైమ. కోపంగా అంది. ఆ కోపం ఆమెకు హాయిగా కూడా ఉంది. తప్పు తన కార్డులో లేదు, ఆ ఊళ్లో ఉంది.

అప్పుడు ఆమె కళ్లు జాబితాలో మొదటి వరుస మీద పడ్డాయి. పట్టీ నంబరు ఒకటి. ఆ పట్టీ తనది.

మూడు పరీక్షల్లోనూ సందేశం పుట్టిందే తన పట్టీలో. ఆ సందేశాన్ని చేతికి పెట్టుకుని, మూడుసార్లూ పేటకు వెళ్లింది. మొదటిసారి రెండు గంటలు, రెండోసారి గంటన్నర, మొన్న మూడు గంటలు దీవెనతో ఒకే గదిలో, ఒకే బల్లకు అటూ ఇటూ ఉంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి చెయ్యి తగిలినా పరీక్ష నెగ్గేది. సందేశం దీవెన చేతిలోంచి సాయంత్రానికి పేటంతా పాకేది. మెమో ఉండేది కాదు.

'పట్టీ 1 – పట్టీ 147. తాకిడి: సున్నా.'

హైమకు తల కొట్టేసినట్టయింది. కుర్చీ వెనక్కి జరుపుకోవడం గుర్తొచ్చింది. పట్టీ మార్చిన రోజు 'అక్కడ పెట్టు, నేను తీసుకుంటాలే' అనడం గుర్తొచ్చింది. తాగని టీ గుర్తొచ్చింది. ఏదీ కావాలని చెయ్యలేదు. అదే ఇంకా ఘోరంగా తోచింది ఆమెకు. కావాలని చేసినవాడైతే కనీసం ఆ పని తనదని తెలిసి చేస్తాడు.

రామభద్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనా ఆ వరుస చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

"హైమా, విను. ఇది బయటపెడితే ఊరు ఊరంతా పట్టీలు విప్పి మన ముఖాన కొడుతుంది. పద్నాలుగు ఊళ్లూ పోతాయి. నెల తిరిగితే తుఫాను. నువ్వు ఊరిని మారుస్తావా, బతికిస్తావా?"

"రెండూ ఎందుకు కుదరవు సార్?"

"ఇంకో ఇరవై ఏళ్లు టైమిస్తే కుదురుతుందేమో. మనకున్నది ఇరవై ఎనిమిది రోజులు. తాకకుండానే అందుకునేలా చెయ్యి. కొంచెం దూరం నుంచే. బ్యాటరీ తగ్గుతుంది, తగ్గనీ. ఇక నివేదికలో కార్డుదే లోపమని రాసెయ్. దాని గ్రహణశక్తి చాల్లేదు, సరిచేశాం అను. ఆ టీచరు మెమో రద్దవుతుంది. ఊరి పరువూ నిలుస్తుంది. కార్డుకేం, నోరా బాధా?"

ఆమె కాదనలేకపోయింది. ఉప్పుటేరు పొంగినప్పుడు పేటకు కావాల్సింది హైమ పశ్చాత్తాపం కాదు, సైరను. ఆ మాట నిజమే. నిజమే అయినా ఒప్పుకున్నందుకు తన ముఖం తనకే చెల్లలేదు.

సమస్యల్లా ఒకటే. ఎంత దూరం? మరీ ఎక్కువైతే బ్యాటరీ ఒక్క రోజులో చస్తుంది. మరీ తక్కువైతే సందేశం దాటదు. మనిషి మనిషికి ఎంత ఎడంగా ఉంటాడో అంతకు రెండు వేళ్లు ఎక్కువ ఉంటే చాలు. ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. ఊళ్లో కొలవడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు.

ఇంట్లో కొలిచింది.

ముందు పాత చిట్టా తెరిచింది. పోలమ్మ పట్టీలోకి రోజూ మాట చేరుతోంది కదా, ఎవరి నుంచి? అత్తగారి నుంచి ఒక్కసారీ లేదు. భర్త నుంచి లేదు. తన నుంచి, ఆ గ్లాసు పారేసిన గొప్ప కోడలి నుంచి, నాలుగు నెలల్లో ఒక్కసారీ లేదు. ప్రతిరోజూ, ప్రతి ఒక్క మాటా ఇందు చేతిమీదుగా వెళ్లింది. వాకిలి ఊడుస్తున్న పోలమ్మ వీపు మీదెక్కే ఇందు, పోలమ్మ చెవిపోగు లాగే ఇందు. ఇల్లు బంగారంలా పనిచేసిందన్నది ఇదన్నమాట. ఆ నాలుగేళ్ల పిల్ల లేకపోతే ఈ ఇంట్లోనూ సున్నాయే.

మర్నాడు కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఎవరు ఎవరికి ఎంత దగ్గరగా వచ్చారో రోజంతా రాసుకోమంది. ఎవరికీ చెప్పలేదు. తన చెయ్యిని సరిదిద్దుకోవాలని కూడా చూడలేదు. ఆ ఒక్క రోజూ తాను ఎలా ఉండేదో అలాగే ఉండాలనుకుంది. అలా ఉండటం ఎంత తేలికో చూసి ఆమెకే భయమేసింది. పోలమ్మ వచ్చింది, గిన్నెలు తోమింది, కూతురి కాన్పు కబుర్లు చెప్పింది, హైమ ఊ కొట్టింది, పోలమ్మ వెళ్లిపోయింది.

పోలమ్మతో మాటే కలపని భర్తకు రెండు మీటర్ల పైన. అత్తగారికి యాభై నాలుగు సెంటీమీటర్లు. హైమకు అరవై ఒకటి.

ఆ అంకె కేసి చూస్తూ కూర్చుండిపోయింది. అత్తగారికన్నా ఏడు సెంటీమీటర్లు ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ పెద్దావిణ్ని చాదస్తం అంటూ వచ్చింది తాను. ఆఫీసులో అందరినీ నవ్వించింది. 'మా అత్తగారి సొట్టల గ్లాసు' అని పేరు పెట్టి మరీ చెప్పింది. ఛీ, ఛీ! ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు.

"ఏమైందే? కళ్లనీళ్లు పెట్టుకున్నావు?" అన్నారు అత్తగారు.

"ఏం లేదు అత్తయ్యా. కంప్యూటరు చూసీ చూసీ," అంది. ఆవిడకు చెప్పడానికి కూడా ముఖం లేదు.

అరవై ఒకటికి నాలుగు కలిపింది. కార్డు కొత్త పరిధి అరవై ఐదు సెంటీమీటర్లు. పదకొండు నెలలు రావలసిన పట్టీ బ్యాటరీ తొమ్మిది రోజులకు పడిపోయింది.

పద్దెనిమిదో తారీకున నాలుగో పరీక్ష. పేట అంగన్‌వాడీ ముందు షామియానా వేశారు. ల్యాప్‌టాప్‌లో కొత్త కార్డు పెట్టి, పదకొండు మరలూ బిగించి, హైమ దూరంగా వెళ్లి జీపులో కూర్చుంది. ఈసారి తన పట్టీ తీసేసింది. ఊళ్లో సందేశం సర్పంచి పట్టీలోంచే మొదలైంది. పాలాయన పేట మొదట్లో ఆగి ఎప్పటిలాగే పైనుంచి పాలు పోశాడు. చెంబు పట్టుకున్న ముసలామె పట్టీ చిన్నగా వణికింది. ఆమె ఇంటికెళ్లి కొడుకుని లేపింది, అతను చర్చి దగ్గర నలుగురితో నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదో నిమిషంలో దీవెన చెయ్యి పెట్టగానే తెర పచ్చబడి, సైరను పేట దద్దరిల్లేలా మోగింది.

జనం చప్పట్లు కొట్టారు. రామభద్రం ఫోనులో, "శెభాష్! కాయితం మీద సంతకం తీసుకుని వచ్చెయ్," అన్నాడు.

హైమ గదిలోకి వెళ్లింది. దీవెన ముఖం వెలిగిపోతోంది.

"మోగింది మేడం! నీళ్లొస్తే ఇంక ముందే తెలుస్తాది మాకు."

"అవును."

"ఇప్పుడు తాకక్కర్లేదంట కదండీ? ఎంత దూరం పెట్టేరు?"

"అరవై ఐదు సెంటీమీటర్లు."

దీవెన రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, ఆ దూరం ఎంతుంటుందో గాలిలో చూసుకుంది. తల ఊపింది. "సరిపోద్దండి. అంతకన్నా ఎడంగా ఎవరూ నిలబడరు. అంత కరెక్టుగా ఎలా తెలిసిందండీ?"

"మా ఇంట్లో కొలిచాను," అంది హైమ.

దీవెన చేతులు దింపేసింది. కాసేపు ఆమె వైపు చూసింది.

హైమ నివేదిక బల్ల మీద పరిచి, ఆపరేటరు సంతకం చెయ్యాల్సిన చోటు చూపించింది. దీవెన సంతకం పెట్టకుండా మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. మెమో తిన్న మనిషి కదా, ఇక ఏ కాయితాన్నీ చదవకుండా వదలదు. ఒక వరుస దగ్గర ఆగింది.

"'గత వైఫల్యాలకు కారణం: నెట్‌వర్క్ కార్డు గ్రహణశక్తి చాలకపోవడం.' ఇదేంటండీ? కార్డు బాగుందని మీరే కదా అన్నారు. మూడుసార్లు విప్పి చూపించేరు."

"అలా రాస్తేనే కారణంలోంచి మీ పేరు చెరిగిపోతుంది దీవెనా. మెమో రద్దవుతుంది."

"నిజం రాసినా నా పేరు చెరిగిపోద్ది కదండీ?"

హైమ ఆ వరుసను మళ్లీ చదివింది. పోతుంది. నిజం రాసినా పోతుంది. ఆ చిన్న సంగతి డైరెక్టరుగారి అంత పెద్ద గదిలో, అంత చదువుకున్న ఇద్దరికీ ఎందుకు తట్టలేదు? తట్టకేం. నిజం రాస్తే దీవెన పేరు పోయిన చోట ఇంకెవరి పేరో రావాలి. అందుకే తట్టలేదు.

"పెన్ను ఇలా ఇవ్వండి," అంది హైమ.

ఆ వరుస మొత్తం కొట్టేసింది. గీత వంకరగా వచ్చింది. దాని పైనున్న ఖాళీలో తన చేతిరాతతో ఇలా రాసింది: 'కార్డులో లోపం లేదు. ఆపరేటరు పట్టీని ఒక్క గంట కూడా తియ్యలేదు. ఊరివాళ్లు పేటవాళ్లను తాకనందువల్ల సందేశం ఆగిపోయింది. ఇంజినీరు హైమవతి అనే నేను సందేశం చేతికి పెట్టుకుని వచ్చి కూడా ఈమెను మూడుసార్లు తాకకుండా వెళ్లాను. తప్పు ఈమె మీద రాశాను.'

రామభద్రం ఏమంటాడో ఆమెకు తెలుసు. పద్నాలుగు ఊళ్ల మాట ఎత్తుతాడు, అరుస్తాడు, బహుశా తనను ఈ పనిలోంచి తీసేస్తాడు. సైరను మోగింది కదా, దాన్నిక ఎవరూ ఆపలేరు. మిగిలినదంతా తన పరువే. దాన్ని పట్టుకుని వేలాడాలని ఆమెకు అనిపించలేదు. కాయితం దీవెన వైపు తిప్పింది.

దీవెన ఆ ఐదు వాక్యాలనూ నోట్లో చదువుకుంది. చివరి వరుసకొచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లి ఒక మాట మీద వేలు పెట్టింది.

"మూడు కాదండి," అంది మెల్లగా. "నాలుగు."

"పరీక్షలు మూడే కదా జరిగాయి?"

"ట్రైనింగు రోజండి. పంచాయతీ ఆఫీసులో, పేట నించి నేనొక్కదాన్నే. అందరి చేతులకీ మీరే పట్టీ కట్టేరు, ఒక్కొక్కర్నీ పేరడిగి మరీ. నా దగ్గరకొచ్చేసరికి బల్ల మీద పెట్టి, 'నువ్వు కట్టుకుంటావుగా' అన్నారు." కోపంగా అనలేదు. పిల్లల హాజరు చెప్పినట్టు చెప్పింది.

హైమ ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూసింది. వరసలో కూర్చున్న ఆడవాళ్లు గుర్తున్నారు. డబ్బాలో నీలం పట్టీలు గుర్తున్నాయి. ఆ ఒక్క క్షణం ఎంత వెతికినా దొరకలేదు. తనకు గుర్తుండేంత పెద్ద సంగతి కాదది. ఈ మనిషి మాత్రం అన్ని నెలలూ దాన్ని మోసింది. మెమో వచ్చినప్పుడూ మోసింది, టీ పెడతానన్నప్పుడూ మోసింది, ఒక్కసారీ పైకి అనలేదు.

హైమ కాయితం మళ్లీ తన వైపు తిప్పుకుంది. 'మూడు' కొట్టేసి 'నాలుగు' అని రాసి, కింద సంతకం చేసింది.